అప్‌డేట్: ఉబుంటు వాడి విండోస్‌లోకి వస్తే టైమ్ 5:30 గంటలు వెనక్కి (సమస్య తీరింది)

ఉబుంటు, విండోస్ అనే రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లూ ఉన్న కావలి షాపు కంప్యూటర్‌లో బిల్లుల మీద టైమ్ తప్పు పడుతోందని అడిగింది నేనే. సాయం చేసినవాళ్లందరికీ థాంక్స్.

మదర్‌బోర్డు గడియారంలో ఉబుంటు యూటీసీ (మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక టైమ్) రాస్తుంది, విండోస్ దాన్నే లోకల్ టైమ్ అనుకుంటుంది. అందుకే సరిగ్గా ఐదున్నర గంటల తేడా. పనిచేసింది రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) సలహా: దాన్ని మార్చే టూల్ రెజెడిట్‌లో హెచ్‌కీ లోకల్ మెషీన్ > సిస్టమ్ > కరెంట్ కంట్రోల్ సెట్ > కంట్రోల్ > టైమ్ జోన్ ఇన్ఫర్మేషన్‌లోకి వెళ్లి, ‘రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్’ పేరుతో (మధ్యలో ఖాళీ వదలొద్దు) కొత్త డీవర్డ్ (అంకె విలువ ఉండే ఎంట్రీ) పెట్టి, విలువ 1 ఇచ్చి రీస్టార్ట్ చేయాలి. ఉబుంటు టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ అనే కమాండ్ కొట్టి, ‘ఆర్‌టీసీ ఇన్ లోకల్ టీజెడ్’ (మదర్‌బోర్డు గడియారం లోకల్ టైమ్‌లో ఉందా అని) దగ్గర ‘నో’ ఉందో లేదో తప్పకుండా చూసుకోండి. ‘యస్’ ఉంటే విండోస్ టైమ్ ఈసారి ఐదున్నర గంటలు ముందుకు పోతుంది.

మదర్‌బోర్డు గడియారాన్ని నడిపే సీఆర్2032 సెల్ మార్చడం అనవసరం. సెల్ అయిపోతే తేదీ కూడా పోతుంది, ఇంత కచ్చితమైన తేడా రాదు. టైమ్ జోన్ మొదటి నుంచీ సరిగానే ఉంది.