పొట్టి నూరువరహాల మొక్క ఆకులు పసుపెక్కుతున్నాయి: దయచేసి సలహా ఇవ్వగలరు

గుంటూరులో మా ఇంటి ముంగిట, నల్లరేగడి నేలలో అమ్మ నాటిన పొట్టి రకం నూరువరహాల మొక్క నిరుడు ఎర్రటి గుత్తులతో నిండుగా పూసింది గానీ, ఈ వేసవి నుంచి దాని లేత ఆకుల్లో ఈనెలు మాత్రం పచ్చగా ఉండి, మిగతా భాగమంతా పసుపు రంగుకు తిరుగుతోంది. ఈ మొక్కకు కాస్త ఆమ్లగుణం గల నేల కావాలనీ, సున్నం ఎక్కువైన నేలలో వేళ్లకు ఇనుము సరిగా అందదనీ తెలుసు. పైగా మేము పోసేది ఉప్పదనం ఉన్న బోరు నీరు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుము అందించే ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేస్తే కొత్త చిగుళ్లు కొంత తేరుకున్నాయి, మొగ్గలు మాత్రం రాలేదు. మొక్కను ఎర్రమట్టి, పశువుల ఎరువు నింపిన కుండీలోకి మార్చడం మేలా, లేక నేలనే బాగుచేయవచ్చా? పూలు కొమ్మల చివర్లలోనే వస్తాయి కనుక, కత్తిరింపు ఎప్పుడు చేయాలో కూడా అనుభవజ్ఞులు తెలియజేయగలరు. అమ్మకు ఎంతో ఇష్టమైన ఈ మొక్కను ఎలాగైనా దక్కించుకోవాలని ఉంది.