ఆరోగ్యశ్రీ చికిత్సలను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేస్తే న్యాయమా, అన్యాయమా?

సోంపేట మాస్టారు:
మా ఊరి టీ కొట్టు దగ్గర మొదలై ఎటూ తేలని వాదన ఇది. మీరంతా ఏమంటారో తెలుసుకుందామని ఇక్కడ పెడుతున్నాను.

2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీని ముందుగా మూడు జిల్లాల్లో మొదలుపెట్టారు: మహబూబ్‌నగర్, అనంతపురం, మా శ్రీకాకుళం. తెల్ల కార్డు పట్టుకుని కార్పొరేట్ ఆసుపత్రి మెట్లెక్కడం అప్పట్లో మాకు నమ్మశక్యం కాలేదు. ఆ తర్వాత ఉమ్మడి రాష్ట్రంలోనే 133 రకాల చికిత్సలను ప్రభుత్వ ఆసుపత్రులకే కేటాయించారు. మా దగ్గర ఇప్పుడు పథకం పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. పేరు మారినా ప్రశ్న మారలేదు. ఈ కేటాయింపును ఇంకా పెంచాలా?

పెంచాలనే నా అభిప్రాయం. ఆపరేషన్ ఎక్కడ జరిగితే డబ్బు అక్కడికే పోతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో జరిగితే అందులో కొంత ఆసుపత్రి అవసరాలకు, కొంత డాక్టర్లకు, సిబ్బందికి ప్రోత్సాహకంగా అందుతుంది. ఆ డబ్బంతా ఏళ్ల తరబడి బయటికి పంపి, ప్రభుత్వ ఆసుపత్రి బాగుండదని మళ్లీ మనమే అంటున్నాం.

పాలమూరు రైతుబిడ్డ:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా, నేను ఒప్పుకోను.

ఓ రాత్రి మా నాయనకు ఛాతీలో నొప్పి వచ్చింది. దగ్గర్లోని సర్కారు దవాఖానకు తీసుకుపోతే ఈసీజీ తీసి, ఇంజెక్షన్ ఇచ్చి, హైదరాబాద్ పొమ్మన్నారు. డ్యూటీ డాక్టర్ మంచోడే, తన చేతిలో ఉన్నదంతా చేశాడు. కానీ స్టెంట్ వేసే వసతి అక్కడ లేదు. హైదరాబాద్‌లో ఓ పెద్ద సర్కారు దవాఖానలో మంచం దొరకలేదు. ఆఖరికి ఓ ప్రైవేటు దవాఖాన కార్డు మీద చేర్చుకుంది. పరీక్షలకని ముందు 20,000 కట్టించుకున్నారు, అది మళ్లీ చేతికి రాలేదు. అయినా నాయన ఈరోజు పొలానికి పోతున్నాడు.

మీరన్న జాబితాలో స్టెంట్ కూడా ఉండి ఉంటే ఆ రాత్రి మేం ఎక్కడికి పోవాలె? డబ్బున్నోడు తనకు నచ్చిన చోటుకు పోతాడు. సర్కారు ఉద్యోగికి వేరే హెల్త్ కార్డు ఉంది, దాంతో అతను ప్రైవేటుకే పోతున్నాడు. ఈ దవాఖానలను బాగుచేయాల్సిన భారం మాత్రం మా ప్రాణాల మీద పెడతారా?

వార్డు నర్సు:
తమ్ముడూ, మీ నాన్నగారు కోలుకున్నందుకు సంతోషం. అలాంటి కేసుల్లో ఎవరూ ఆగకూడదు. గుండెపోటుకి, యాక్సిడెంట్‌కి ఏ కేటాయింపూ వర్తించకూడదని నేనూ అంటాను.

కానీ లోపలి సంగతి కూడా వినండి. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చెప్పిన ప్రమాణం. నిన్న నైట్ డ్యూటీలో నేనొక్కదాన్నే 40 మందిని చూశాను. తెల్లవారుజామున ఒకామెకి సెలైన్ అయిపోయిందని ఆమె కొడుకు నా మీద అరిచాడు. అరవడం తప్పని నేను అనలేను. వాళ్లమ్మ చెయ్యి వాచిపోయి ఉంది.

మాస్టారు గారూ, మీరన్న ప్రోత్సాహకం నిజమే, వస్తుంది. ఆలస్యంగా వస్తుంది. కానీ డబ్బు వచ్చినంత మాత్రాన మనుషులు రారు కదా. పోస్టులు మంజూరు చేయాలి, భర్తీ చేయాలి. ఉన్న మనుషులతోనే ఇంకో 50 రకాల ఆపరేషన్లు చేయమంటే నా వార్డులో ఏమవుతుందో ఊహించుకోండి. నేను ప్రభుత్వ ఆసుపత్రి వైపే. అందుకే ముందు మనుషుల్ని ఇచ్చి, తర్వాత రోగుల్ని పంపమంటున్నాను.

మాజీ ఆరోగ్యమిత్ర:
రోగి ఎంచుకునే హక్కు అని అందరం అంటున్నాం. ఆరోగ్యశ్రీ రోగులకు దారి చూపే ఆరోగ్యమిత్రగా నేను కొన్నేళ్లు ఒక నెట్‌వర్క్ ఆసుపత్రి (పథకం కింద చికిత్స చేసే ఆసుపత్రి) హెల్ప్‌డెస్క్‌లో కూర్చున్నాను. నేను చూసినంతలో ఎంచుకునేది రోగి కాదు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఫలానా ఆసుపత్రికి వెళ్లమంటాడు, వీళ్లు వస్తారు. ఆ వెనక కమీషన్ ఉంటుందని అక్కడ అందరికీ తెలుసు. ఈ జబ్బుకి ఇంకెక్కడ చేస్తారు, ఎక్కడ బాగా చేస్తారు అని నన్నడిగిన వాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

గర్భసంచి ఆపరేషన్ల సంగతి గుర్తుందా? చిన్న వయసు ఆడవాళ్లకి కూడా అవసరం లేకుండా గర్భసంచులు తీసేస్తున్నారని గొడవైంది. అప్పుడు ఆ ఆపరేషన్‌ని ఆరోగ్యశ్రీలో ప్రైవేటుకి ఆపి, ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేశారు. అది ఆడవాళ్ల హక్కు తీసేయడమా, వాళ్లని కాపాడటమా? ముప్పై ఏళ్లకే గర్భసంచి పోగొట్టుకుని, నడుము నొప్పితో కూలికి పోలేక ఇంట్లో కూర్చున్న మనిషిని నేను చూశాను. ఆమె కాగితాల మీద అంతా సక్రమంగానే ఉంది. సంతకం ఉంది, అప్రూవల్ ఉంది.

కాబట్టి కేటాయింపు మొత్తంగా మంచిదా చెడ్డదా అన్నది అసలు ప్రశ్న కాదు. అవసరం లేని ఆపరేషన్లు ఎక్కువయ్యే చోట కావాలి. గంటల్లో ప్రాణం పోయే చోట వద్దు.

పాలమూరు రైతుబిడ్డ:
అన్నా, గర్భసంచుల విషయంలో మీరన్నది నిజం. మా తండాలో కూడా అట్లాంటి వాళ్లున్నారు. అది ఒప్పుకుంటా.

కానీ ఇంకో మాట. 2025లో బకాయిలు రాలేదని ప్రైవేటు నెట్‌వర్క్ దవాఖానలు మా దగ్గర సేవలు ఆపేసినయి, మీ ఆంధ్రలోనూ ఆపేసినయి. కార్డు పరిమితి చూస్తే మా దగ్గర 10 లక్షలు, మీ దగ్గర 25 లక్షలు. అన్ని లక్షలు రాసి ఉన్నా గేటు దగ్గర ‘ఆరోగ్యశ్రీ బెడ్లు ఖాళీ లేవు’ అంటే ఏం చేస్తాం? క్యాష్ అంటే అదే మంచం ఖాళీ అవుతుంది. దీన్ని ఎంపిక అనలేను. అందుకే నా పట్టు కొంచెం సడలిస్తున్నా. ప్రైవేటు తలుపు మూయొద్దు, కానీ దాన్నే నమ్ముకుని కూర్చోలేం.

సోంపేట మాస్టారు:
బాబూ, నువ్వు సడలించావు కాబట్టి నేనూ నా మాట సవరించుకుంటాను. మీ నాన్నగారి సంగతి చదివాక మొదట రాసినంత గట్టిగా రాయలేను.

మా ఉద్దానం విషయం చెప్తాను. ఇక్కడ కిడ్నీ జబ్బు ఇంటింటి కథ. ఒకప్పుడు డయాలసిస్ అంటే చాలామందికి విశాఖ ప్రయాణమే. మా సోంపేట నుంచి 200 కిలోమీటర్లకు పైనే. వారానికి రెండుసార్లో మూడుసార్లో అంత దూరం వెళ్లి, మంచం మీద నాలుగేసి గంటలు ఉండి, మళ్లీ ఇంటికి రావాలి. తోడుకి ఒక మనిషి కావాలి, ఆ మనిషి కూలి కూడా పోతుంది. డబ్బు కట్టక్కర్లేదు కదా అంటే సరిపోతుందా? ఇక మానేద్దాం అనుకుని మానేసిన వాళ్లు మాకు తెలుసు. వాళ్ల పేర్లు రాయలేను గానీ ముఖాలు గుర్తున్నాయి.

తర్వాత సోంపేటలో, పలాసలో, కవిటిలో ప్రభుత్వ డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. అప్పుడు మావాళ్లని ఎవరూ ఇక్కడికే రావాలని కట్టడి చేయలేదు. దగ్గరగా ఉంది కాబట్టి వాళ్లే వచ్చారు. నేను కేటాయింపు అడగాల్సిన చోట దగ్గరగా ఆసుపత్రి అడగాల్సిందని మీ మాటలు చదివాక అనిపిస్తోంది.

వార్డు నర్సు:
దగ్గరగా ఆసుపత్రి, అందులో మనుషులు. రెండోది మరిచిపోకండి మాస్టారూ.

మాజీ ఆరోగ్యమిత్ర:
ఒక చిన్న పని కూడా. ఏ ఆసుపత్రిలో ఏ ఆపరేషన్లు ఎన్ని చేశారో, ఆరోగ్యశ్రీ పడకలు ఈరోజు ఎన్ని ఖాళీగా ఉన్నాయో గేటు దగ్గర తెలుగులో బోర్డు పెట్టించాలి. ప్రభుత్వ ఆసుపత్రయినా, ప్రైవేటయినా. నా హెల్ప్‌డెస్క్ దగ్గర అలాంటి బోర్డు ఒక్కటి ఉండి ఉంటే చాలామంది ఆర్‌ఎంపీ మాట కాకుండా బోర్డు చూసి నిర్ణయించుకునేవారు.

సోంపేట మాస్టారు:
సరే, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తున్నాను. నర్సమ్మ గారి మాట, మిత్రగారి బోర్డు రెండూ రాశాను. ఎమర్జెన్సీకి ఏ కేటాయింపూ అడ్డురాకూడదని పాలమూరు అబ్బాయి మాటని మొదటి పేరాలోనే పెట్టాను. డయాలసిస్ కేంద్రంలో మూడో షిఫ్ట్ కావాలన్నది మావాళ్ల కోరిక, అది చివర్లో ఉంది. ఇంకేమైనా చేర్చాలంటే ఆదివారం సాయంత్రం లోపు ఇక్కడే రాయండి.