రాయలేని పిల్లవాడు నోటితో చెబితే మార్కులు ఇవ్వాలా?

దేవరకొండ అమ్మ:
మా బాబు ఆరో తరగతి. రాస్తుంటే అక్షరాలు తారుమారవుతాయి. నల్లబల్ల మీది నాలుగు వరుసలు ఎక్కించుకునేలోపే గంట కొడతారు. అదే కిరాణా కొట్టు పద్దయితే కాగితం లేకుండా కూడి చెబుతాడు. అభ్యసన వైకల్యం ఉందని వైద్యులు రాసిచ్చారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇదీ ఉంది. నోటితో అడిగి మార్కులు వేయమంటే బడిలో కుదరదన్నారు. ఇది న్యాయమేనా?

పాలమూరు టీచర్:
అమ్మా, మీ బాధ అర్థమవుతోంది. బడి పరిస్థితి కూడా చూడండి. మాది తండా ప్రాథమిక పాఠశాల. ఐదు తరగతులకు ఇద్దరం. విద్యాహక్కు చట్టమే 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు చాలంటుంది, తరగతులు ఎన్నో చూడదు. చిన్నపిల్లలకు ఇంట్లో లంబాడీ భాష, తెలుగు బడికి వచ్చాకే. కొందరు తల్లిదండ్రుల వెంట ముంబై, పుణే పనులకు వెళ్లి నడుమలో తిరిగొస్తారు. ఒక్కొక్కరికి ఒక్కో పాఠం ఎవరు తయారు చేయాలి?

మునుగోడు వాసి:
నేను చదివిన బడిలో ర్యాంపు కట్టారు. ఫ్లోరోసిస్‌తో కాళ్లు వంగిన మేము తరగతిలోకి వెళ్లగలిగేవాళ్లం. మరుగుదొడ్డికి మాత్రం మెట్లే.

నల్లగొండ ప్రత్యేక విద్య:
సార్, ఒక్కొక్కరికి ఒక్కో పాఠం అక్కర్లేదు. అమెరికాలో 1984లో మొదలైన కాస్ట్ (CAST) అనే విద్యా పరిశోధన సంస్థ చెప్పే పద్ధతిలో పాఠం ఒకటే. ఆసక్తి కలగడానికి, విషయం అందడానికి, వచ్చింది చూపించడానికి ఒకటికి మించిన దారులు ముందే పెట్టుకుంటారు. 43 లోంచి 27 తీసివేత చెప్పాలనుకోండి. చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టించండి. నాలుగు కట్టలు, మూడు విడి పుల్లలు. ఏడు తీయాలంటే పుల్లలు చాలవు, ఒక కట్ట విప్పక తప్పదు. తెలుగు రాని పాప విప్పి చూపిస్తుంది, ఇంకొకరు నోటితో చెబుతారు, రాయగలిగినవాడు రాస్తాడు. మీరు సిద్ధం చేసేది ఒక్కసారే.

పాలమూరు టీచర్:
పుల్లల కట్టలు నేనూ కట్టిస్తాను. తనిఖీకి వచ్చినవారు నోట్సు చూస్తారు. అది ఖాళీగా ఉంటే మెమో నాకే. కట్ట విప్పిన పాపకు లెక్క వచ్చిందని ఏ కాగితం చూపాలి?

దేవరకొండ అమ్మ:
మళ్లీ నోట్సేనా! నోట్సు నిండలేదనే మా బాబును వెనక బల్లకు పంపారు. పక్కవాడిది చూసి అర్థం కాకుండానే ఎక్కించుకుంటే టిక్కు పడింది. నోటితో సరిగ్గా చెప్పిన లెక్కను లెక్కలోకే తీసుకోలేదు.

గద్వాల అన్న:
చేతిరాత రాకపోతే రేపు బ్యాంకులో ఫారం ఎవరు నింపుతారు?

దేవరకొండ అమ్మ:
రాయడం నేర్పవద్దని ఎవరన్నారు అన్నా? రాత వచ్చేదాకా లెక్కలు, సైన్సు కూడా రానట్టే రాయకండి అంటున్నాను. ఇన్నాళ్లూ టీచర్ల కొరత అన్నారు, ఇప్పుడు ఫారం అంటున్నారు!

పాలమూరు టీచర్:
ప్రతిదానికీ టీచర్‌నే దోషిగా నిలబెడితే ఎలాగమ్మా? మీ బాబుకు నోటి పరీక్ష పెడితే మర్నాడు పదిమంది వచ్చి మా వాడికీ అంటారు. ఎవరికి నిజంగా అవసరమో, ఎవరు తప్పించుకుంటున్నారో నేను తేల్చలేను. అసలు, రాయలేనివాడికి చదువు వచ్చిందని నేను సంతకం పెట్టను. బాధపడినా ఇదే నా మాట.

దేవరకొండ అమ్మ:
అంటే తరగతికో టీచర్‌ను ఇచ్చినా మీరు ఇవ్వరు.

నల్లగొండ ప్రత్యేక విద్య:
పదిమందీ అడిగితే పదిమందినీ నోటితో అడగండి సార్. పాఠం రాక రాయలేదా, పాఠం వచ్చీ రాయలేకపోయాడా అన్నది అప్పుడే తేలుతుంది. పదో తరగతి పరీక్షలకే స్క్రైబ్‌ను, అంటే పిల్లవాడు చెబితే రాసిపెట్టే మనిషిని, అదనపు సమయాన్ని ఇస్తున్నారు కదా.

పాలమూరు టీచర్:
స్క్రైబ్ రాసినా జవాబుపత్రం ఉంటుంది, మళ్లీ దిద్దవచ్చు. నోటి మాటకు ఏం మిగులుతుంది?

దేవరకొండ అమ్మ:
ఫోనులో రికార్డు చేయండి. హాజరు ఫోనులోనే వేస్తున్నారుగా.

పాలమూరు టీచర్:
ఏడాది మధ్యలో పెట్టే ఎఫ్‌ఏ చిన్న పరీక్షలకైతే చేసి చూస్తాను. ఎస్‌ఏ పెద్ద పరీక్షలకు మాత్రం పైనుంచి ఉత్తర్వు లేకుండా వేయను.

దేవరకొండ అమ్మ:
పరీక్షా విధానంలో తగిన మార్పులు చేయాలని ఆ దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్‌లోనే ఉంది. అది రాసి, వైద్యుల కాగితం జతచేసి సోమవారం మండల విద్యాధికారికి దరఖాస్తు ఇస్తున్నాను. ఉత్తర్వు వస్తే ఇక్కడే పెడతాను సార్, అప్పుడు ఏ కారణం చెబుతారో చూస్తాను.