అప్‌డేట్: ప్రాగ్, వియన్నా, బ్రాటిస్లావా, బుడాపెస్ట్ రైలు ట్రిప్

ఈ నాలుగు ఊళ్లకి రైల్ పాస్ కావాలా, విడి టికెట్లు చాలా అని అడిగాను కదా. విడిగానే ముందే కొన్నాం, మాకు అదే చవక పడింది.

టెన్షన్ పడింది ఒక్క ప్రాగ్ స్టేషన్‌లోనే. ప్లాట్‌ఫాం నంబర్ బయల్దేరే ముందు పావుగంటకి గానీ బోర్డు మీద పడలేదు. మావారు సూట్‌కేసు పట్టుకుని పరుగు పందేనికి నిలబడ్డట్టు నిలబడ్డారు! వియన్నాకి నాలుగు గంటలు, అక్కణ్ణుంచి బ్రాటిస్లావా గంటే.

బుడాపెస్ట్ వెళ్లేటప్పుడు మాత్రం కుడివైపు కిటికీ పట్టండి. స్లొవాకియా సరిహద్దు ఊరు ష్టూరొవో దాటాక డాన్యూబ్ నది పక్కనే వస్తుంది, అవతలి ఒడ్డున హంగరీ ఊరు ఎస్టర్‌గోమ్ చర్చి గుమ్మటం. జంతికల డబ్బా మూత తీసి అలాగే ఉండిపోయాను.

అన్నట్టు, అన్నిచోట్లా యూరోలు కాదు. చెక్‌లో కోరూనాలు, హంగరీలో ఫోరింట్లు. మా దగ్గర ఫోరింట్లు ఇంకా మిగిలే ఉన్నాయి.