మెయిన్ బజార్లో డ్రైనేజీ పని: రోడ్డు మూసేసి ఒకేసారి చేయాలా, రాత్రిళ్లు ముక్కలుగా చేయాలా?

పాత_ఏఈ

మా ఊరి మెయిన్ బజార్లో పాత డ్రైనేజీ లైను తీసేసి కొత్తది వేయబోతున్నారు. గడియార స్తంభం నుంచి కూరగాయల మార్కెట్ దాకా 600 మీటర్లు. రోడ్డు పూర్తిగా మూసేసి 60 రోజుల్లో ముగించాలని కొందరు అంటున్నారు. పగలు వ్యాపారం సాగనిచ్చి, రాత్రి పది నుంచి తెల్లవారుజామున ఐదు దాకా కొంచెం కొంచెంగా చేయాలని వ్యాపారుల సంఘం పట్టుబడుతోంది. ముప్పై ఏళ్లు ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా, ఇదే పని చేసి రిటైరయ్యాను. నా మాట మూసేయడమే.

డ్రైనేజీ నీళ్లు వాలు మీద వాటంతట అవే పోవాలి. అందుకే లైను పల్లం చివర మొదలుపెట్టి మెరక వైపు వేసుకుంటూ రావాలి. ఇక్కడో ముక్క, అక్కడో ముక్క వేస్తే లెవెల్ తప్పుతుంది, మురుగు నిలుస్తుంది. ఒక్క రాత్రిలో తవ్వి, పైపు దించి, తెల్లారేలోగా పూడ్చాలంటే మట్టి పొర పొరకీ నీళ్లు చల్లి దిమ్మిస కొట్టే టైం ఎక్కడిది? వదులు మట్టి తోసేసి పోతారు. మొదటి వానకే కుంగుతుంది. ఆటో చక్రం దిగబడితే తిట్లు ఇంజనీరుకి.

మూడో_లైను

మూసేయండి సార్. ఏడాదంతా దుమ్ము తినే కంటే రెండు నెలలు నడిచి వెళ్లడం నయం.

గాజుల_కొట్టు

60 రోజులని ఎవరు హామీ ఇస్తారు సార్? నాలుగేళ్ల కింద మంచినీళ్ల పైపుకని మా వైపు రోడ్డు మూసినప్పుడు బోర్డు మీద 45 రోజులని రాశారు. ఏడు నెలలు పట్టింది. మొదట పైపులు రాలేదన్నారు. తర్వాత కేబుల్ తెగింది, వాళ్లొచ్చి చూసేదాకా ముట్టుకోకూడదన్నారు. ఆ తర్వాత బిల్లు రాలేదని కాంట్రాక్టరు మనుషులే రావడం మానేశారు. గుంత మాత్రం అలాగే ఉంది. ఆషాఢంలో తవ్వారు. శ్రావణం పోయింది, దసరా పోయింది.

మాది గాజులు, పసుపు కుంకాల సామాను. మాకు ఏడాదికి సరిపడా డబ్బు కళ్లబడేది ఆ నాలుగు శ్రావణ శుక్రవారాల్లోనే. ఆ ఏడాది కొట్టు ముందు గుంత మీద ఒక చెక్క పలక వేశారు. చంటిపిల్లనెత్తుకున్న ఒకావిడ ఆ పలక దాకా వచ్చి, చెప్పు కొసతో నొక్కి చూసి, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. గల్లాపెట్టె దగ్గర కూర్చుని చూశాను. ఇప్పటికీ కళ్లముందే ఉంది.

ఇంకోటి. మా నాన్న కొట్టు పెట్టినప్పుడు రోడ్డు మీంచి మూడు మెట్లెక్కి లోపలికి రావాలి. వేసిన ప్రతిసారీ పాత తారు గీకకుండా దానిమీదే కొత్తది పోశారు. ఇప్పుడు రోడ్డు మీంచి ఒక మెట్టు దిగాలి. వానొస్తే గుమ్మానికి ఇసక మూటలు అడ్డం పెట్టుకుంటున్నాం.

పాత_ఏఈ

ఆ మూడు మెట్లు ఎవరి స్థలంలో కట్టారు? మన బజార్లో చాలా కొట్ల మెట్లు సైడు కాలువ మీద పోసినవే. పూడిక తీద్దామంటే పార దిగదు. నీళ్లు కొట్లోకి రావడానికి అదీ ఒక కారణం.

గాజుల_కొట్టు

నేను రోడ్డు ఎత్తు గురించి చెబుతున్నాను సార్, మెట్ల గురించి కాదు.

పాత_ఏఈ

రెండూ ఒకటే సమస్య. తారు గీకి వేయాలన్నది నిజమే, ఒప్పుకుంటాను. తారు గీకే మిల్లింగ్ మిషన్ అని ఎస్టిమేట్లో రాయకపోతే కాంట్రాక్టరు తేడు. కానీ కాలువ మీద మెట్లు ఉంచుకుని కాలువ పారడం లేదంటే ఎలా?

మార్కెట్_వీధి

పది పోస్టులు మెట్లతోనే అయ్యేలా ఉన్నాయి. అంబులెన్స్ సంగతి ఎవరైనా చెప్పండి. రోడ్డు మూసేస్తే ఆస్పత్రికి చుట్టూ తిరిగి పోవాలి. మా నాన్నగారికి డయాలసిస్ వారానికి మూడుసార్లు.

దిల్లీలో_తెలుగు

నేను చూసింది చెబుతాను. ఇక్కడ చాందినీ చౌక్ బజారు బాగుచేసే పని 2018 డిసెంబరులో మొదలైతే 2021 సెప్టెంబరులో ప్రారంభించారు. కిలోమీటరున్నర కూడా లేని బజారు. మధ్యలో కోవిడ్ వచ్చింది నిజమే, అయినా చాలా కాలం. ఇప్పుడు పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా మోటారు బళ్లు రాకూడదని రూలు, వేలాడే తీగలు నేల కిందికి పోయాయి. ఆడవాళ్లు, పెద్దవాళ్లు ధీమాగా నడుస్తున్నారు. అలాగని ఆ మూడేళ్లూ అక్కడ కొట్టు నడిపినవాళ్ల కష్టం చిన్నది కాదు.

పాత_ఏఈ

చూశారా, చివరికి బాగుపడింది. బెంగళూరు చర్చ్ స్ట్రీట్ కూడా అంతే. 2017లో తవ్వి 2018లో తెరిచారు. కేబుళ్లకు, పైపులకు కింద ముందే దారులు పెట్టారు. కేబుల్ వేయాల్సిన ప్రతిసారీ రోడ్డు కోయక్కర్లేదు.

గాజుల కొట్టు వారి ఏడు నెలల గుంతకి కారణం రోడ్డు మూయడం కాదు, పూచీ ఎవరిదో తేలకపోవడం. హైదరాబాద్‌లో 709 కిలోమీటర్ల మెయిన్ రోడ్లను ఐదేళ్లకు ఏజెన్సీలకు అప్పగించి, ఎవరు తవ్వినా పూడ్చే బాధ్యత ఆ ఏజెన్సీ మీదే పెట్టారు. కేబుళ్లు తెగకుండా, తవ్వే ముందు వాటి యజమానులకి కబురు పంపే కాల్ బిఫోర్ యు డిగ్ యాప్‌ని కేంద్రం 2023లో తెచ్చింది. దారులున్నాయి. ఖాళీ రోడ్డు దొరికితే పని ఎంత వేగంగా సాగుతుందో 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్‌లోనే చూశాం.

గాజుల_కొట్టు

లాక్‌డౌన్‌లో మా కొట్లూ మూసే ఉన్నాయి సార్. అప్పుడు వేగంగా సాగింది కదా అని ఇప్పుడూ మూసుకోమంటారా?

పూలబుట్ట

మీరిద్దరూ షట్టరున్నవాళ్ల గురించే మాట్లాడుకుంటున్నారు. మా అమ్మ గడియార స్తంభం పక్కన 22 ఏళ్లుగా పూలు అమ్ముతోంది. నాలుగేళ్ల కింద ఆ పనికే "రెండు నెలలమ్మా" అని బస్టాండు వెనక్కి పంపారు. తిరిగొచ్చేసరికి ఆమె కూర్చునే నాపరాయి లేదు. అక్కడ బళ్ల పార్కింగుకి తెల్లగీతలు గీసి ఉన్నాయి. రాయి ఎవరు తీశారని అడిగితే ఒక్కరూ చెప్పలేదు. ఇప్పుడు ఒక మెడికల్ షాపు మెట్టు పక్కన కూర్చుంటోంది. ఏఈ గారూ, మీరు కొట్టేయమంటున్న మెట్లు అలాంటివే.

2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం కదల్చాలంటే 30 రోజుల ముందు నోటీసివ్వాలి. వాళ్ల విషయాలు చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం నూటికి 40 మంది వీధి వ్యాపారులే ఉండాలి. మా అమ్మకి కాగితం ముక్క కూడా ఇవ్వలేదు.

మూడో_లైను

అందరికీ కష్టాలుంటాయి, అలాగని ఊరు మురుగులో ఉండాలా?

పాత_ఏఈ

నేను అదే అంటున్నాను. రోడ్డు బాగుపడితే గిరాకీ పెరిగేది వ్యాపారులకే. రెండు నెలలు ఓర్చుకోలేరా? మాకూ ఆ బజార్లో రెండు షట్టర్లున్నాయి. నేను ఏడుస్తున్నానా?

గాజుల_కొట్టు

ఆ రెండు షట్టర్లూ అద్దెకిచ్చారా సార్? ఇచ్చి ఉంటే ఆ ఏడు నెలల్లో ఒక్క నెల అద్దె తగ్గించారా?

నేనూ అద్దెకున్నవాణ్నే. గుంత ఉన్నన్నాళ్లూ ఒకటో తారీఖుకి అద్దె కట్టాను, మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి మరీ కట్టాను. గాజులమ్మేవాడి ఇంట్లో బంగారు గాజులు లేకుండా పోయాయి. రోడ్డు వేశాక ఓనరు "ఇప్పుడు బజారు బాగుంది కదా" అని నెలకి నాలుగు వేలు పెంచారు. రోడ్డు బాగుపడితే లాభం ఎవరికి? తవ్వేవాళ్ల దగ్గర, రోడ్డు మళ్లీ వేయడానికని రిస్టోరేషన్ ఛార్జీలు ముందే కట్టించుకుంటారు. కోసిన తారుకి మీటరు చొప్పున లెక్కుంది. పోయిన శ్రావణానికి ఏ ఫైల్లో లెక్కుంది?

రాత్రిపూట పని చేస్తే రోడ్డు కుంగుతుందని నాకూ తెలుసు. తెలిసే అడుగుతున్నాను, పగలు కొట్టు తెరిచి ఉంటే అద్దె డబ్బులైనా వస్తాయని.

మార్కెట్_వీధి

ఈ మాట మొదట్లోనే చెప్పాల్సింది అన్నా.

పాత_ఏఈ

నిన్న సమాధానం రాయలేదు. తగ్గించలేదు. ఒకతను వచ్చి రెండు నెలలు సగం తీసుకోమని అడిగాడు. కుదరదన్నాను. నా పెన్షన్ నాకుంది, ఆ అద్దె లేకపోతే పూట గడవని పరిస్థితి కాదు. అతను మరుసటి ఏడాది ఖాళీ చేశాడు.

అయినా పని ముక్కలుగా చేయాలంటే ఒప్పుకోను. 600 మీటర్లూ ఒకేసారి మూయక్కర్లేదు. పల్లం వైపు నుంచి 150 మీటర్లు మూసి, పైపు, ఇళ్ల కనెక్షన్లు, పూడ్చడం అన్నీ అయ్యాకే తర్వాతి 150 తవ్వాలి. ఏ కొట్టు ముందూ రెండు వారాలకి మించి గుంత ఉండదు. పైపులన్నీ ఊళ్లోకి దిగాకే మొదటి గునపం పడాలి. అంబులెన్స్‌కి ఒక పక్క దారి వదలాలి. సంక్రాంతి దాటగానే మొదలుపెడితే ఉగాదిలోపు అవుతుంది. వానలుండవు, మీ శ్రావణానికి అడ్డం రాదు.

గాజుల_కొట్టు

పైపులు దిగాకే తవ్వడం, రెండు వారాల గడువు, ఈ రెండూ అగ్రిమెంట్లో రాస్తే సంఘంలో నేనే మాట్లాడతాను. గడువు దాటిన ప్రతిరోజుకీ కాంట్రాక్టరు జరిమానా కట్టాలి. ఆ డబ్బు ఆఫీసు ఖాతాకి పోకుండా ఆ 150 మీటర్లలో ఉన్నవాళ్లకి పంచాలి. దీనికి రూల్ లేదంటారు, తెలుసు. కౌన్సిల్లో తీర్మానం పెట్టించాలి. మంగళవారం పొద్దున 11కి కమిషనర్ గారి దగ్గరికి వెళ్తున్నాం. మీరూ వస్తారా సార్?

పూలబుట్ట

షట్టర్ లేనివాళ్లకీ ఆ డబ్బు వస్తుందా అన్నా? మా అమ్మ రాయి ఎస్టిమేట్లో ఏ వరసలో రాస్తారు?

గాజుల_కొట్టు

వస్తుంది చెల్లీ. అమ్మని కూడా తీసుకురా, ఆమే అడగాలి.

పాత_ఏఈ

వస్తాను. లెవెల్ చూసే నీళ్ల గొట్టం నా దగ్గరుంది, తెస్తాను. ఆఫీసుకి వెళ్లే ముందు తొమ్మిదికి మీ గడప దగ్గర కలుద్దాం. రోడ్డు ఎంత ఎత్తయిందో కొలిచి కాగితం మీద పెడదాం. స్తంభం పక్కన అమ్మ కూర్చునే చోటు కొలత కూడా అప్పుడే రాసుకుందామమ్మా. కాలువ మీది మెట్ల విషయంలో మాత్రం నా మాట మారలేదు.