గోడ మీద ఆఖరి బొమ్మ ఎవరిది వేయించాలి? సలహా ఇవ్వండి

గుంటూరు బ్రాడీపేటలో మా ట్యూషన్ పిల్లల కోసం గోడ మీద ఖగోళ శాస్త్రజ్ఞుల బొమ్మలు వేయిస్తున్నాం. ఆర్యభట, కోపర్నికస్, కెప్లర్, గెలీలియో, హబుల్ ఖాయం. ఇంకొక్కరికే చోటుంది.

నా మనసంతా హెన్రియెటా లెవిట్ మీదే. హార్వర్డ్‌లో గాజు ఫోటో పలకల మీద పడిన నక్షత్రాల చుక్కల్ని ఒక్కొక్కటే పోల్చి చూస్తూ, సెఫీడ్ అనే రకం తార వెలుగు పెరిగి తగ్గడానికి ఎంత ఎక్కువ కాలం పడితే అది అంత ప్రకాశవంతమైనదని 1912లో తేల్చారు. తార అసలు ప్రకాశం తెలిస్తే, మనకు కనిపించే వెలుగుతో పోల్చి దాని దూరం లెక్కకట్టొచ్చు. దాంతోనే కదా ఆండ్రోమెడా గెలాక్సీ మన పాలపుంతకు అవతల ఉందని హబుల్ చెప్పగలిగింది!

మా తోటి మాస్టారు మాత్రం వైణు బప్పు ఉండాలంటున్నారు. హైదరాబాద్‌లో చదువుకుని, 1949లో తోకచుక్క కనిపెట్టి, తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీకి ప్రాణం పోసిన మనిషి. ఆ మాటా కొట్టిపారేయలేను.

మీరైతే ఎవర్ని పెడతారు, ఎందుకు? అలాగే గుంటూరు, విజయవాడల్లో ఎవరి దగ్గరైనా టెలిస్కోపు ఉంటే, ఒక్క సాయంత్రం మా పిల్లలకు గురుగ్రహం నాలుగు పెద్ద చందమామల్ని చూపించగలరా?