రక్తంలో వైరస్ కనిపించడం లేదు, యోని స్రావంలో ఉంటే? దంపతులకు ఏం చెప్పాలి

ప్రశ్న – ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందుల వైద్యం) కౌన్సెలర్

భార్యకు హెచ్‌ఐవీ ఉంది, భర్తకు లేదు. మూడేళ్లుగా ఆమె టీఎల్‌డీ (మూడు హెచ్‌ఐవీ మందులు కలిసిన మాత్ర) మానలేదు. ఏటా వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసే పరీక్ష) ‘టార్గెట్ నాట్ డిటెక్టెడ్’, అంటే వైరస్ దొరకలేదు అనే వస్తోంది. రక్తంలో వైరస్ అణిగినా కొందరు ఆడవాళ్ల యోని స్రావంలో దొరుకుతుందని భర్త చదివాడట, ఆ పరీక్ష రాయమంటున్నాడు. పిల్లల కోసం చూస్తున్నారు. ఈమధ్య ఆమెకు తెల్లబట్ట, దురద కూడా ఉన్నాయి.

జవాబు – ఏఆర్‌టీ మెడికల్ ఆఫీసర్

ఆయన చదివింది నిజమేనండీ. మందులు బాగా పనిచేస్తున్నవాళ్లలోనూ అప్పుడప్పుడూ గర్భాశయ ముఖద్వారం దగ్గర కొద్దిపాటి ఆర్‌ఎన్‌ఏ (వైరస్ జన్యుపదార్థం) దొరుకుతుంది, మళ్లీ చూస్తే ఉండదు. అయితే పీసీఆర్ పరీక్ష లెక్కపెట్టేది ఆర్‌ఎన్‌ఏనే. అది అంటించగల వైరస్సా, ఉత్త ముక్కా అన్నది ఆ అంకె చెప్పదు.

ఆయనకు చెప్పాల్సింది దంపతుల మీద జరిగిన అధ్యయనాల గురించి. హెచ్‌పీటీఎన్ 052 అనే అధ్యయనంలో ఒకరికి హెచ్‌ఐవీ ఉండి మరొకరికి లేని 1,763 జంటలు ఉన్నాయి, మన చెన్నై, పుణె కేంద్రాలు కూడా అందులో పాల్గొన్నాయి. రక్తంలో వైరస్ నిలకడగా అణిగి ఉన్నంతకాలం భాగస్వామి నుంచి ఒక్కరికీ సోకలేదు. మందులు మొదలుపెట్టాక సోకినవి 8. వాటిలో 4 వైరస్ ఇంకా అణగకముందు, 4 మందులు విఫలమయ్యాక. 2016లో వచ్చిన పార్టనర్ అధ్యయనంలో కండోమ్ లేకుండా సుమారు 58,000 సార్లు కలిసినా భాగస్వామి నుంచి సోకినవి సున్నా. ఆ జంటల్లో వేరే సుఖవ్యాధులు ఉన్నవాళ్లూ ఉన్నారు. స్రావంలో అడపాదడపా కనిపించే ఆర్‌ఎన్‌ఏ కూడా ఈ లెక్కల్లో కలిసిపోయినట్టే కదా. కాబట్టి ఆమెకు ఆ పరీక్ష అక్కర్లేదు. చూడాల్సింది రక్తంలో వైరల్ లోడే. మి.లీ.కి 1,000 కాపీలు గానీ పైన గానీ వస్తే మాత్రలు ఎలా వేసుకుంటోందో కూర్చోబెట్టి మాట్లాడి, 3 నెలలకు మళ్లీ చేయించండి.

జవాబు – గైనకాలజిస్టు

తెల్లబట్టను మాత్రం వదిలేయొద్దు. ముఖద్వారం వాచినప్పుడు వైరస్ ఉండే తెల్ల కణాలు అక్కడికి గుమిగూడతాయి. గనేరియా, క్లమీడియా, ట్రైకోమోనాస్, హెర్పిస్, కాండిడా వంటివి స్రావంలో వైరస్‌ను పెంచేది అందుకే. మందులు వాడనివాళ్లలో ఇది బాగా కనిపిస్తుంది.

స్పెక్యులం (యోనిని తెరిచి చూసే పరికరం) పెట్టి చూడకుండా సుఖవ్యాధుల మందుల కిట్ ఇవ్వకండి. పెరుగు విరిగినట్టు తెల్లటి తరకలు గోడలకు అంటుకుని ఉంటే కాండిడా (ఫంగస్). బూడిదరంగు పలుచటి స్రావం, చేపల వాసన ఉంటే బీవీ (బ్యాక్టీరియల్ వెజైనోసిస్). ఈ రెండింటికీ ఆకుపచ్చ కిట్, అంటే సెక్నిడజోల్ 2 గ్రాములు, ఫ్లూకొనజోల్ 150 మి.గ్రా. ముఖద్వారం ఎర్రబడి, దూది పుల్ల తగలగానే రక్తం చెమర్చి, పుల్లకు పసుపు చీము అంటితే బూడిదరంగు కిట్: అజిత్రోమైసిన్ 1 గ్రాము, సెఫిక్సిమ్ 400 మి.గ్రా. అప్పుడు భర్తకూ వైద్యం చేయాలి, లేకపోతే మళ్లీ వస్తుంది. పిల్లల కోసం చూస్తున్నారన్నారు కాబట్టి ముందు గర్భ పరీక్ష చేయండి, గర్భం ఉంటే ఫ్లూకొనజోల్ నోటి మాత్ర వద్దు.

పనిలో పనిగా ముఖద్వారం క్యాన్సర్ స్క్రీనింగ్ కూడా చేయించండి. అందులో తేడా కనిపించి థర్మల్ అబ్లేషన్ (వేడితో కాల్చడం) గానీ లీప్ (కరెంటు తీగతో ఆ భాగం తీసేయడం) గానీ చేస్తే ముఖద్వారం మీద పచ్చిపుండు ఉంటుంది, కొన్ని వారాలు స్రావంలో వైరస్ పెరగవచ్చు. 4 వారాలు కలవొద్దని చెప్పండి, కుదరదంటే కండోమ్ తప్పనిసరి.

ప్రశ్న అడిగినవారు

థాంక్స్ మేడం. ఆమె ఐరన్, కాల్షియం మాత్రలు కూడా వేసుకుంటోంది, పరగడుపున టీఎల్‌డీతో కలిపి.

జవాబు – ఏఆర్‌టీ మెడికల్ ఆఫీసర్

అది ఈరోజే మార్పించండి. ఐరన్, కాల్షియం కడుపులో టీఎల్‌డీలోని డొల్యూటెగ్రావిర్ మందును పట్టేసుకుంటాయి, మందు ఒంటికి పట్టదు. కలిపి వేసుకోవాలంటే అన్నం తింటూ వేసుకోవాలి. పరగడుపున అయితే టీఎల్‌డీ ముందు వేసుకుని 2 గంటలు ఆగాలి, లేదా అవి వేసుకున్న 6 గంటల తర్వాత టీఎల్‌డీ వేసుకోవాలి. గ్యాస్‌కి తాగే అల్యూమినియం, మెగ్నీషియం సిరప్‌లకూ ఇదే ఎడం, వాటికి మాత్రం అన్నంతో మినహాయింపు లేదు. ఏడాది పరీక్ష దాకా ఆగకుండా వైరల్ లోడ్ ఇప్పుడే ఒకసారి చేయించండి. అది వచ్చేదాకా కండోమ్ వాడమనండి.

జవాబు – వైరాలజీ ల్యాబ్

స్రావం పరీక్ష పరిశోధనకే ఎందుకు పరిమితమైందో ఆయనకు చెప్పొచ్చు. 10 మి.లీ. సెలైన్‌తో ముఖద్వారాన్ని కడిగి, కింద చేరిన నీటిని తిరిగి లాగుతారు. అసలు స్రావం ఎంత వచ్చిందో తెలియదు, అంతా పలచబడిపోతుంది. నెలసరి రక్తం కాస్త కలిసినా అంకె మారిపోతుంది, అందుకే ఆ రోజుల్లో తీయరు. పైగా నమూనా తీసే ముందు 48 గంటలు కలవకూడదు, తీశాక గంటల్లోనే మైనస్ 80 డిగ్రీల్లో పెట్టాలి. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా వచ్చే అంకె ఆ రోజుదే.